మొదటి రోజే అక్కరకొచ్చే పని పట్టుకో

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది కర్నూలు. నాకు 41 ఏళ్లు. ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా చేస్తున్నాను. సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరతాను. అప్పటినుంచి పడుకునేదాకా చేతిలో ఫోనే. మార్చుకుందామని గిటార్ కొన్నాను, ఆన్‌లైన్‌లో కోడింగ్ కోర్సుకు డబ్బు కట్టాను, పరుగు కోసం బూట్లు, వాచీ కొన్నాను. ఏదీ నెల దాటలేదు. ఇంట్లో నా మాటకు విలువ పోయింది. మా ఆఫీసులో రిటైరైన పెద్దాయన ఒకరు ఇప్పటికీ రోజూ వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుని, టీ తాగి పోతుంటారు. ఆయన్ని చూస్తే నా రేపు కనిపించి భయమేస్తుంది. ఏ ప్రతిభా లేని నాలాంటివాడికి కూడా కుదిరే హాబీ గానీ, విద్య గానీ ఉంటే చెప్పండి. ఎక్కువ ఖర్చు పెట్టలేను. ఇద్దరు ఆడపిల్లలు, ఏడో తరగతి, నాలుగో తరగతి. అమ్మ పత్తికొండ దగ్గర పల్లెలో ఉంటుంది. నెలకోసారి పోయొస్తుంటాను.
– ఒక పాఠకుడు, కర్నూలు

సమాధానం:

అక్కా అన్నావు కాబట్టి చనువుగా నువ్వనే రాస్తాను తమ్ముడూ. ప్రతిభ లేనివాడినని రాశావు. నువ్వు వదిలేసినవాటిని వరసగా చూశాక నాకు అలా అనిపించలేదు. గిటార్ పట్టిన కొత్తలో వేళ్ల చివర్లు మండుతాయి. వినేవాళ్లు ఓర్చుకోగలిగే పాట రావడానికి నెలలు పడుతుంది. కోడింగ్ కూడా అంతే, ఎవరికైనా పనికొచ్చేది ఒకటి తయారుచేసే సరికి ఏడాది తిరుగుతుంది. పరుగులో ఒళ్లు తేలికపడటం తెలిసేలోపే మోకాళ్ల నొప్పులు తెలుస్తాయి. ఈ మూడూ ఇవాళ చెమటోడిస్తే ఎప్పటికో ఫలితమిచ్చేవి. పైగా మూడూ ఒంటరిగా చేసేవి. పొద్దంతా ఫైళ్లతో కుస్తీ పట్టి ఆరున్నరకు ఇల్లు చేరిన మనిషి వాటిని నెలరోజులు మోయడమే ఎక్కువ. నువ్వు చెడ్డవాడివీ కాదు, బద్ధకస్తుడివీ కాదు. ఎంచుకున్నవి నీ సాయంత్రాలకు సరిపడలేదు, అంతే.

కాబట్టి నీకు నేను చెప్పే కొలత ఒక్కటే. మొదటి రోజు వంకరగా చేసినా సరే, ఆ రోజే ఇంట్లో ఎవరికో ఒకరికి అక్కరకొచ్చే పని పట్టుకో. తినొచ్చు, తొడుక్కోవచ్చు, చదివి చెప్పొచ్చు, పిల్లలకు చూపించొచ్చు. అలాంటి పనిని మర్నాడు మళ్లీ చేయడానికి పట్టుదల పెద్దగా అక్కర్లేదు. ఇంట్లోవాళ్లే అడుగుతారు. "నీకు ఏది ఇష్టమో ముందు తెలుసుకో" అని అందరూ చెప్పే సలహా మీద నాకు నమ్మకం లేదు. చాలామందికి చేయి తిరిగాకే ఇష్టం పుడుతుంది. ముందే ఇష్టం వెతుక్కుంటూ కూర్చుంటే గిటార్లు కొనడమే మిగులుతుంది.

ఆ గిటార్‌ను ఎవరైనా కాలేజీ పిల్లాడికి సగం ధరకైనా ఇచ్చేయ్. గోడకు తగిలించి ఉన్నంతకాలం అది నిన్ను దెప్పుతూనే ఉంటుంది. బూట్లు మాత్రం ఉంచుకో, కింద చెప్పే పనికి పనికొస్తాయి.

నేనైతే నిన్ను ముందు వంటింట్లోకి పంపిస్తాను. జొన్నరొట్టె నేర్చుకో. నవ్వుకోకు, నిజంగానే చెబుతున్నాను. పప్పు, కూర, చారు ఎవరైనా కొలతలు చూసుకుని చేయగలరు. రొట్టె అలా రాదు, చేతికి రావాలి. కర్నూలు, అనంతపురం పల్లెల్లో ఎంతోమంది ఆడవాళ్ల చేతుల్లో ఉన్న ఈ విద్యను వాళ్ల కొడుకుల్లో నేర్చుకున్నవాళ్లు చాలా తక్కువ. మీ అమ్మ చేతికి వచ్చే ఉంటుందని నా నమ్మకం. పత్తికొండవైపు పెరిగిన ఆ తరం మనిషికి రొట్టె తట్టడం రాకపోవడం అరుదు.

ఎందుకు కష్టమో తెలిస్తే సగం భయం పోతుంది. గోధుమపిండిలో సాగే గుణం గ్లూటెన్‌తో వస్తుంది. జొన్నలో అది లేదు. చన్నీళ్లతో కలిపితే పిండి ముద్దవుతుంది గానీ తట్టగానే అంచులు విచ్చిపోతాయి. అందుకే నీళ్లు తెర్లించి పొయ్యాలి. ఆ వేడికి పిండిలోని గంజి ఉడికి జిగురు పుడుతుంది, ఆ జిగురే రొట్టెను పట్టి ఉంచుతుంది. తెర్లే నీళ్లు పోసి ముందు గరిటెతో తిప్పు. చేయి ఓర్చుకోగలిగే వేడికి వచ్చాక అరచేతి మడమతో పీటకేసి గట్టిగా పిసుకు. ఒక్కో రొట్టెకు ఒక్కో ముద్దను అప్పటికప్పుడు పిసకాలి. అన్నీ ఒకేసారి పిసికి పెట్టుకుంటే చివరివాటికి వచ్చేసరికి ఆరిపోయి పగుళ్లిస్తాయి.

తట్టడం అసలు పని. పీట మీద పొడిపిండి చల్లి, ముద్ద పెట్టి, కుడిచేతి వేళ్లతో తడుతూ ఎడమచేతిని అంచుకు ఆనించి ఉంచాలి. రొట్టె తనంతట తానే తిరుగుతున్నట్టు కనిపిస్తుంది, నిజానికి ప్రతి దెబ్బకూ వేళ్లు దాన్ని రవ్వంత పక్కకు నెడుతుంటాయి. చూస్తే అర్థం కాదు, నీ చేతుల్లోకి రావాల్సిందే. పెనం మీద వేసేటప్పుడు పొడిపిండి అంటిన వైపు పైకి రావాలి. వెంటనే తడిగుడ్డతో పైన నీళ్లు పూయాలి. ఆ తడి ఆరీ ఆరకముందే తిప్పేయాలి. ఆలస్యమైతే పైపొర పగులుతుంది, మరి పొంగదు. రెండో వైపు కాలాక నిప్పు మీదకు నేరుగా తోస్తే బూరెలా పొంగుతుంది. పొంగిందంటే తట్టడం అన్నిచోట్లా ఒకే మందంలో ఉందని అర్థం.

పిండి గురించి కూడా ఒక మాట. షాపులో ప్యాకెట్టు పిండితో మొదలుపెట్టకు. జొన్నపిండి పాతబడేకొద్దీ జిగురు పోతుంది, ఎంత తెలిసినవాళ్ల చేతిలోనైనా విరుగుతుంది. రెండు కిలోల తెల్లజొన్నలు కొని మిల్లులో మెత్తగా పట్టించుకో, వారం పది రోజుల్లో వాడేయ్. మొదట్లో నీ రొట్టెలు దేశపటాల్లా వస్తాయి. రానీ. ఉల్లిగడ్డ కారం, చెనక్కాయల పొడి, పైన కాస్త నెయ్యి వేస్తే పటం ఏ దేశానిదైనా పిల్లలు తినేస్తారు. నెలకోసారి అమ్మ దగ్గరికి పోయినప్పుడు పక్కన కూర్చుని చేతులు చూడు, తర్వాత ఆమె ముందే తట్టు. ఫోనులో వంద వీడియోలు చూసినా "నీళ్లు తక్కువైనాయి" అని నీ ముద్దను తాకి చెప్పే మనిషి అందులో ఉండదు.

ఇదే కోవలో సూదీదారం కూడా. చొక్కా గుండీ ఊడితే కుట్టుకోవడం, ప్యాంటు అంచు మడిచి కుట్టడం, పిల్లల స్కూలు బ్యాగు జిప్పు దగ్గర చిరుగు కుట్టడం. రెండు ఆదివారాలు చాలు. గుండీ కుట్టేటప్పుడు బట్టకూ గుండీకీ మధ్య అగ్గిపుల్ల పెట్టి కుట్టి, తర్వాత పుల్ల లాగేసి, ఆ సందులో దారాన్ని నాలుగు చుట్లు చుట్టి ముడేయ్. కాజాలో గుండీ బిగుసుకోకుండా కూర్చుంటుంది, తొందరగా ఊడదు. ఇంతకంటే దీని గురించి రాయాల్సింది లేదు, చేసేయడమే.

ఇక చదువు సంబంధమైనది ఒకటి కావాలంటే కన్నడం చదవడం నేర్చుకో. మన జిల్లా పడమటి అంచంతా, ఆదోని, ఆలూరు, మంత్రాలయం, కన్నడం వినబడే నేల. తెలుగు చదవగలిగినవాడికి ఇంత తక్కువ శ్రమతో ఇంకో భాష లిపి రావడం దేశంలో ఇంకెక్కడా ఉండదేమో. కొన్ని వందల ఏళ్ల కిందటి వరకు రెండు భాషలకూ ఒకటే లిపి. అ, ఆ, గ, ద, న, బ లాంటివి చూడగానే పోల్చుకుంటావు. పెద్ద తేడా తలకట్టులో ఉంది. మనం టిక్కు కొట్టినట్టు పెడతాం, వాళ్లది అడ్డంగా సాగి చివర కొద్దిగా వంగుతుంది. ఆ ఒక్క తేడాకు కన్ను అలవాటు పడితే సగం దారి గడిచినట్టే. ఎకార, ఒకార గుణింతాలు, క, త, శ లాంటి కొన్ని అక్షరాలను మాత్రం విడిగా రాసుకుని నేర్చుకోవాలి.

పుస్తకంతో మొదలుపెట్టకు, బస్సు బోర్డులతో మొదలుపెట్టు. కర్నూలు బస్టాండులో కర్ణాటక బస్సు ఆగినప్పుడు బోర్డు చదువు. బళ్లారి, రాయచూరు, బెంగళూరు. ఊళ్ల పేర్లు నీకు ముందే తెలుసు కాబట్టి అక్షరాలు వాటంతటవే దొరుకుతాయి. మంత్రాలయం పోతే అక్కడి బోర్డులన్నీ నీకు పాఠాలే. పదిహేను రోజుల్లో బోర్డులు, నెలన్నరలో పేపరు హెడ్డింగులు చదవగలవు. మాట్లాడటం ఆదోనిలో టీకొట్టు దగ్గర వస్తుంది. కన్నడం మీద మనసు పోకపోతే ఉర్దూ ఉంది. కర్నూలు పాతబస్తీలో ఉర్దూ మాట్లాడే ఇళ్లు వేలల్లో ఉన్నాయి, ఉర్దూ విశ్వవిద్యాలయమే ఉంది మన ఊళ్లో. లిపి మాత్రం కొత్తది, కుడి నుంచి ఎడమకు రాస్తారు, కాబట్టి ఓపిక ఎక్కువ కావాలి. నీ ఆఫీసులోనే ఉర్దూ చదివినవాళ్లు ఉంటారు. రోజుకు మూడక్షరాలు చెప్పమని అడిగితే ఎవరూ కాదనరు. అలా అడిగినందుకే సంతోషించేవాళ్లను నేను చూశాను.

బూట్లు ఉంచుకోమన్నాను కదా, ఇప్పుడు వాటి పని. ఆదివారం పొద్దున ఆరింటికి పిల్లల్ని లేపి తుంగభద్ర ఒడ్డుకో, హంద్రీ వచ్చి కలిసేవైపుకో తీసుకుపో. లేదా నందికొట్కూరు రోడ్డులో గార్గేయపురం చెరువు దాకా పో. పిట్టల్ని చూడండి. దీనికి ఏమీ కొనక్కర్లేదు. బైనాక్యులర్ తర్వాత సంగతి. ఎప్పటికైనా కొంటే 8x42 అని రాసి ఉన్నది అడుగు. ఎనిమిదింతలు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. అంతకంటే ఎక్కువ పెద్దది చేసి చూపేవి కొత్తవాళ్ల చేతిలో వణుకుతాయి, పిట్ట దొరకదు.

మొదటి రోజే నీకు పది పిట్టలు తెలుసని తేలుతుంది. కాకి, గోరింక, కొంగ, పావురం, రామచిలుక, పిచ్చుక, గద్ద, గువ్వ, కోకిల, నెమలి. పదకొండో పిట్ట నుంచి అసలు ఆట మొదలవుతుంది. నీళ్ల మధ్యలో రాయి మీద రెక్కలు రెండూ చాచి ఎండకు నిలబడ్డ నల్లటి పక్షి నీటికాకి. నీళ్లలో మునిగి చేపల్ని పట్టేటప్పుడు దాని ఈకలు తడుస్తాయి, అందుకే బయటికొచ్చి అలా ఆరబెట్టుకుంటుంది. కరెంటు తీగ మీద దుమ్ము రంగులో ముడుచుకుని కూర్చున్న పిట్టను పట్టించుకోకుండా పోకు. అది ఎగిరే దాకా ఆగు. రెక్క విప్పగానే లోపలినుంచి రెండు రకాల నీలం బయటపడితే పాలపిట్ట. దసరా నాడు జనం వెతికేది దాన్నే, ఏడాది పొడుగునా మన తీగల మీదే ఉంటుంది. నేల మీదనుంచి లేచి, నెత్తిమీద తిరుగుతూ గోల చేస్తే తీతువు. దగ్గర్లో దాని గుడ్లు ఉండొచ్చు, అక్కడ అడుగు చూసి వేసి పక్కకు తప్పుకోండి. గూడు కట్టదు అది, ఉత్త నేలమీద గులకరాళ్ల మధ్య పెడుతుంది, కాలికింద పడ్డా కనబడవు.

కూత విని పేరు చెప్పే మెర్లిన్ అనే యాప్ ఉచితంగా దొరుకుతుంది. మన పిట్టల్ని కూడా గుర్తుపడుతుంది. నీ ఫోను నిన్ను ఎలాగూ వదలదు కాబట్టి దాన్ని ఈ పనికి పెట్టుకో. అయితే పేరు యాప్ చెప్పినా, ఎక్కడ కూర్చుంది, ఏం తింటోంది, తోక ఎలా ఆడిస్తోంది అనేది పెద్దమ్మాయి చేత నోటుబుక్కులో రాయించు. ఆ రాతే మిగులుతుంది. ఏడాదయ్యాక ఎప్పుడైనా రోళ్లపాడు పోండి. బట్టమేక పక్షి కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన గడ్డిమైదానం అది. బట్టమేక ఇప్పుడు అక్కడ కనిపించడం మానేసిందనే చెప్పాలి, ఆ మాట రాయడానికి నాకు బాధగా ఉంది. కృష్ణజింకలు మాత్రం ఉన్నాయి, చలికాలంలో దూరదేశాలనుంచి వచ్చే పిల్లిగద్దలు సాయంత్రం పూట గడ్డిలో దిగుతాయి. కడప జిల్లా కలివికోడి కథ కూడా పిల్లలకు చెప్పు. ఇక లేదనుకున్న ఆ పక్షి 1986లో సిద్ధవటం దగ్గర లంకమల కొండల కింద మళ్లీ కనిపించింది. అక్కడి చిట్టడవి తెలిసిన ఊరివాళ్ల సాయం లేకుండా అది దొరికేది కాదు.

అమ్మ ఊరికి పోయిన రాత్రి మిద్దె మీద పడక వేసుకుంటే ఆకాశం ఉంది. కర్నూలు దీపాల్లో కనిపించని చుక్కలు పత్తికొండ పల్లెలో కనిపిస్తాయి. రైతు ఇంటి బిడ్డవు కదా, కార్తెల పేర్లు నీకు నోటికి వచ్చే ఉంటాయి. అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర, ఆరుద్ర. అవన్నీ ఆకాశంలో ఉన్న చుక్కలే. మృగశిర కార్తె అంటే సూర్యుడు ఆ చుక్కల దగ్గర ఉన్న రోజులు. అందుకే జూన్‌లో ఆ కార్తె నడిచేటప్పుడు ఆ చుక్కలు రాత్రిపూట కనబడవు, సూర్యుడితోపాటే ఉదయించి ఆయనతోపాటే అస్తమిస్తాయి. ఆర్నెల్ల తర్వాత డిసెంబరు చలిలో రాత్రి ఎనిమిది తొమ్మిది గంటలకు తూర్పువైపు చూస్తే వరసగా మూడు చుక్కలు, వాటికి పక్కన ఎర్రగా మెరిసే ఆరుద్ర, ఇంకాస్త పైన రోహిణి, దాని పైన గుంపుగా కృత్తికలు కనిపిస్తాయి. పల్లెల్లో ఆ గుంపునే పిల్లలకోడి అంటారు. మీ అమ్మకు ఇంకా ఏవేవో పేర్లు తెలిసి ఉంటాయి, అడిగి రాసుకో. ఆ పేర్లు ఏ యాప్‌లోనూ లేవు.

కొన్ని విద్యలు హాబీల కింద రావు. అయినా ఎవరికైనా వచ్చి ఉండాల్సినవే కాబట్టి ఈ జాబులోనే రాస్తున్నాను. వీటికి పైన చెప్పిన కొలత పనిచేయదు. ఇవి అక్కరకు రాకుండా పోతేనే మంచిది.

ఒకటి ఈత. నువ్వూ, ఆడపిల్లలిద్దరూ కూడా. ఎండాకాలం వచ్చిందంటే కేసీ కాలువలోనో, తుంగభద్రలోనో పిల్లలు మునిగిపోయిన వార్త చదవకుండా గడవదు మనకు. కాలువలో నేర్చుకోవద్దు, పైకి నెమ్మదిగా కనిపించినా కింద లాగుతుంది. నేర్పే మనిషి ఉన్న ఈతకొలనులో చేరండి. మొదట నేర్చుకోవాల్సింది వెల్లకిలా తేలడం. ఊపిరి నిండా పీల్చి, తల వెనక్కు వాల్చి, చెవులు నీళ్లలో మునగనిచ్చి, పొట్ట పైకెత్తితే మనిషి తేలతాడు. చెవులు తడవకూడదని తల ఎత్తినవాళ్లే మునుగుతారు. ఇది వచ్చినవాడికి ఈత వచ్చే దాకా ప్రాణానికి ధైర్యం ఉంటుంది.

రెండోది, మనిషి కుప్పకూలి పలుకూ ఊపిరీ లేనప్పుడు గుండె మీద నొక్కడం. 108కి ఫోను చేయించి, ఛాతీ మధ్యలో రెండు అరచేతులూ ఒకదానిమీద ఒకటి వేసి, మోచేతులు వంచకుండా, పెద్దవాళ్లకైతే కనీసం ఐదు సెంటీమీటర్లు దిగేటట్టు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. చదివితే రాదు, బొమ్మ మీద చేసి చూడాలి. రెడ్‌క్రాస్ లాంటి సంస్థలు ఇలాంటి శిక్షణ ఇస్తుంటాయి. మీ ఆఫీసులో పదిమందిని కూడగట్టి ఒక పూట పెట్టించు. పాము కాటు గురించి కూడా అక్కడే అడగండి. చేలగట్ల మీద నడిచే మీ అమ్మకు ఇది కావాలి. కట్టు బిగించకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. ఉంగరాలు, మెట్టెలు, గాజులు తీసేసి, కరిచిన కాలినో చేతినో కదలకుండా ఉంచి, నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి. మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉంటుంది, నాటువైద్యుడి దగ్గర ఉండదు. ఇందులో నేను ఎవరితోనూ రాజీపడను.

గిటార్ కొన్నావంటే నీలో పాట మీద ఆశ ఉంది. దాన్ని వదిలేయమనడం నాకు ఇష్టం లేదు. వాయిద్యం లేకుండా గొంతుతో మొదలుపెట్టు, పద్యం నేర్చుకో. ఇది పద్యనాటకాల నేల. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన నాటక సమాజాన్ని అవే కుటుంబాల వాళ్లు తరాలుగా నడుపుతున్నారు. మన పల్లెల్లో తిరునాళ్లకూ జాతరలకూ ఇప్పటికీ రాత్రంతా నాటకాలు ఆడతారు. పగలు సేద్యం చేసుకునేవాడు రాత్రి కిరీటం పెట్టుకుని కృష్ణుడి పద్యం ఎత్తుకుంటాడు. వాళ్లకు హార్మోనియం మీద పద్యాలు నేర్పే మాస్టర్లు ఉంటారు. మీ అమ్మ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఎవరున్నారో కనుక్కో. నెలకొక పద్యం చాలు. వేమన పద్యమైతే చిన్నపిల్ల కూడా నీతోపాటు అందుకుంటుంది, వాళ్ల పాఠాల్లో ఎలాగూ ఉంటుంది. మొదటి రోజే ఇద్దరూ కలిసి పాడుకోవచ్చు, నా కొలతకు ఇది కూడా నిలబడుతుంది.

ఇన్ని చెప్పాను కదా అని అన్నీ ఎత్తుకోకు. ఒకసారికి ఒకటే. ఇంట్లో ముందుగా చెప్పకు, చెప్పినందువల్లే సగం బరువు నీమీద పడింది ఇదివరకు. నాలుగు వారాలు చెయ్యి. ఆ తర్వాత మనసు లేకపోతే ఆపేసి ఇంకోటి పట్టుకో. ఆపడంలో తప్పేమీ లేదు, నాలుగు వారాల రొట్టెలు నువ్వు చేసే ఉంటావు, ఆ చేయి ఎక్కడికీ పోదు. డబ్బు మాత్రం మూడో నెల దాకా పెట్టొద్దు. ఆఫీసు బెంచీ మీద కూర్చునే ఆ పెద్దాయన గురించి కూడా ఆలోచించాను. ఆయనకు మనుషులు కావాలి, అందుకే వస్తున్నాడు. ఉర్దూ గానీ, కన్నడం గానీ, పద్యం గానీ ఆయనకు వచ్చేమో అడిగి చూడు. వస్తే నీకు గురువు దొరికాడు.

చివరగా ఒకటి, ఇది పిల్లలతో కలిసి చేయడానికి. పత్తికొండ దాకా పోతున్నావు కదా, అక్కడినుంచి గుత్తికి పోయే దారిలో జొన్నగిరి దగ్గర ఎర్రగుడి ఉంది. అశోకుడు రాయించిన శాసనాలు అక్కడి బండల మీద ఉన్నాయి. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నాటి రాత. 1920ల చివర్లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటపడేదాకా బయటి ప్రపంచానికి వాటి సంగతి తెలియదు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం జనం గుడారాలు వేసుకుంటారు. కూలి పనులు మానుకుని నెలలతరబడి మట్టి గాలించేవాళ్లు ఉంటారు, వాళ్లలో ఎక్కువమంది వట్టి చేతులతో ఇంటికి పోతారు. ఆ ఆశలోకి నువ్వు దిగకు. అదే దారిలో ఎర్రగుడి బండలు ఎప్పుడు పోయినా అక్కడే ఉంటాయి.

వాటి మీద ఉన్నది బ్రాహ్మీ లిపి. మన తెలుగు అక్షరాలకు ముత్తాత. పోకముందు ఇంట్లో నేర్చుకోండి, పిల్లలకు రహస్య లిపిలా ఉంటుంది. క అంటే కూడిక గుర్తు. గ అంటే ఇంటికప్పులా వాలిన రెండు గీతలు. ఠ అంటే ఉత్త సున్నా. గుణింతాలకు పక్కన చిన్న గీతలు పెడతారు, ఒత్తు అక్షరం కింద పెడతారు, మనలాగే. పిల్లలిద్దరూ ఒకరికొకరు బ్రాహ్మీలో చీటీలు రాసుకోవడం మొదలుపెట్టారంటే వారంలో నీకంటే ముందుంటారు. అక్కడి చిన్న శాసనంలో ఒక వింత ఉంది. కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికి, కొన్ని కుడినుంచి ఎడమకు, మడక తిప్పుకుని దున్నినట్టు రాశారు. ఏ పంక్తి ఎటు పోతోందో పిల్లల్నే కనిపెట్టమను.

శాసనంలో పూర్తి వాక్యం అర్థం కాదు, భాష ప్రాకృతం. ఒక్కో అక్షరాన్ని పోల్చుకుంటే చాలు. బండను తాకొద్దు, సుద్ద పూయొద్దు. పొద్దున్నే పోండి, ఏటవాలు ఎండలో చెక్కిన గీతల్లో నీడ పడి అక్షరాలు తేలతాయి, మధ్యాహ్నం నెత్తిన ఎండకు రాయి చదునుగా కనిపిస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. నీళ్లు మీరే తీసుకుపోవాలి, టోపీలు మర్చిపోకండి. తిండికి రొట్టెలు నువ్వే తట్టి కట్టుకుపో, జొన్నరొట్టె గట్టిపడ్డా చెడిపోదు, చెనక్కాయల పొడి ఉంటే మధ్యాహ్నానికి కూడా తినొచ్చు.